బోణీకి ముందు ఎర్రలైటు

మా అక్క ముక్కు పోయింది. ఇలా చెబితే వినేవాళ్ళు ముందు ఆమె ముఖం వైపు చూస్తారు. ముక్కు ఉంది, దానికి పుడకా ఉంది. పోయింది వాసన. ఒక జ్వరం వచ్చి, వెళ్తూ వెళ్తూ దగ్గునీ ఒళ్ళునొప్పుల్నీ తీసుకుపోయినట్టే వాసననూ తీసుకుపోయింది. మెల్లగా తిరిగొస్తుందన్నారు డాక్టరుగారు. ఆ మాట నమ్మి అక్క కొన్నాళ్ళపాటు పొద్దున్నే లవంగాలు, నిమ్మతొక్క ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని పీల్చింది. ఏమీ తెలియలేదు. చివరికి విసుగొచ్చి ఆ లవంగాల్ని కోడికూర మసాలాలో వేసేసింది.

ఇంకొకరికైతే అది ఒక లోటు, అంతే. అక్కకు అదే బతుకుతెరువు. కండ్లకోయలో కాలేజీ బస్సులు ఆగే చోటికి దగ్గర్లో ఆమెకు ఒక కర్రీ పాయింట్ ఉండేది. ఒక షట్టరు, ముందు స్టీలు కౌంటరు, దాని మీద మూతలు పెట్టిన గిన్నెలు. మచ్చ బొల్లారంలో ఇంటి పని ముగించుకుని పొద్దున్నే అక్కడికి చేరేది. మధ్యాహ్నం మిగిలిన పప్పుని సాయంత్రం మళ్ళీ వేడిచేసి అమ్మేది, ఆ పనిలో ఉన్నవాళ్ళందరూ చేసేదే. ఎండాకాలంలో ఆ పప్పు బాగుందో పులిసిందో మూత తీసి ఒక్కసారి వాసన చూసి చెప్పేసేది. నోట్లో మాత్రం వేసుకునేది కాదు. ఇంకొకరికి పెట్టేముందు రుచి చూస్తే ఎంగిలి అవుతుందని మా అమ్మ నేర్పిన పద్ధతి. ఉప్పు చాలిందో లేదో కూడా ఆవిరి పట్టుకుని చెప్పేది. అదెలా సాధ్యమని నేను సైన్సు మాట్లాడబోతే, "నువ్వు తిను, ముచ్చట్లు వెట్టకు" అనేది.

వాసన పోయాక పక్క జిరాక్స్ షాపాయన్ని పిలిచి గిన్నె మూత తీసేది. "అన్నా, జర గిది వాసన జూడరాదే." ఆయన మంచివాడే, చూసేవాడు. కానీ గిరాకీ నిలబడి ఉండగా కర్రీ పాయింట్ ఆవిడ తన కూరని ఇంకొకరితో వాసన చూపించుకుంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? మా బావకు మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు షేర్ ఆటో. పగలంతా రోడ్డు మీదే ఉంటాడు. ఎవర్నీ అడగకుండా తన గిన్నె మూత తాను తీసి, తన కూర సంగతి తానే చెప్పాలన్నది అక్క పట్టుదల. అది కుదరకపోతే షట్టరు దించేస్తానంది. ఉత్తగా అనే మనిషి కాదు.

నేను మేడ్చల్ పారిశ్రామికవాడలో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తాను. ఫ్యాక్టరీల్లో రసాయనాల ఆవిరి లీకైతే పసిగట్టి గంట కొట్టే యంత్రాలు తయారుచేస్తాం. గోడకు తగిలించే పెట్టె ఇంట్లో పిండిడబ్బా అంత ఉంటుంది. అందులో అసలు పనిచేసేది బియ్యపుగింజంత ముక్క. దాని మీద ఒక పలుచని పొర, కింద ఒక హీటరు. వేడిగా ఉన్న ఆ పొరకు ఆవిరి తగిలితే కరెంటు నడక మారుతుంది, ఆ తేడాని బట్టి గాలిలో ఏదో ఉందని తెలుస్తుంది. మిగతా పెట్టె అంతా ఆ గింజను కాపాడటానికే. గింజను చిన్నది చేయడం ఎవరో ఎప్పుడో చేసేశారు. మాలాంటివాళ్ళ తిప్పలన్నీ దాని చుట్టూ ఉన్న సంసారాన్ని చిన్నది చేయడానికి.

ఆ గింజకు ఒక శత్రువుంది, సిలికోన్. తలకు రాసుకునే సీరంలో ఉంటుంది, బాత్రూం సందులు పూడ్చే గమ్ములో ఉంటుంది, ఇంకా మనం అనుకోని చాలావాటిలో ఉంటుంది. దాని ఆవిరి వేడి పొర మీద కాలి సన్నటి గాజులా పేరుకుంటుంది. ఇక ఆ గింజకు ఏదీ తెలియదు. అది చచ్చిపోయిందని మనకూ తెలియదు, ఎందుకంటే చచ్చిన గింజ కూడా గాలి శుభ్రంగానే ఉందంటుంది. అందుకే మా గదిలోకి సీరం రాసుకుని వస్తే ఎంతటివాళ్ళనైనా గుమ్మం దగ్గరే ఆపేసేవాణ్ణి. ఆ విషయంలో నాకు కోపిష్టినన్న పేరుండేది.

పప్పు పులిసేటప్పుడు కూడా కొన్ని ఆవిర్లు వస్తాయి. ఆ గింజ వాటిని పట్టగలదు. మా సార్‌ని అడిగితే, "చేసుకో, బాగా వస్తే మనమే అమ్ముదాం" అన్నారు. మొదట చేసినది టిఫిన్ డబ్బా అంత అయింది. ఫ్యాక్టరీ యంత్రంలో ఉన్నట్టే ముందు ఒక వడపోత గుడ్డ బిగించాను. బరువైన ఆవిర్లని ఆపి తేలికైనవాటిని లోపలికి వదిలే గుడ్డ అది. పప్పు బాగుంటే పచ్చలైటు, పాడైతే ఎర్రలైటు. దాన్ని చూసి బావ పడీ పడీ నవ్వాడు.

"ఏంది బామ్మర్ది, అక్కకు ముక్కు జెయ్యమంటే తొండం జేస్కొచ్చినవ్?"

అక్క నవ్వలేదు. పచ్చలైటు ముఖం మీద పడేలా దాన్ని దగ్గరకు తీసుకుని కాసేపు చూసింది. "ఇగ ఎవ్వర్నీ అడగనక్కర్లేదా?" అంది. లేదన్నాను. ఆ మాట నేనంత ధీమాగా అనకుండా ఉండాల్సింది.

యంత్రానికి ముందు శుభ్రమైన గాలి చూపించాలి. ఇది మామూలు గాలి, ఇది మంచి పప్పు, ఇది పాడైన పప్పు అని చంటిపిల్లకు చెప్పినట్టు నేర్పాలి. మేడ్చల్లో మా కంపెనీ చుట్టూ ఉన్న గాలిని శుభ్రమైనదని నేర్పితే దానికి జన్మలో బుద్ధి రాదు. శామీర్‌పేట చెరువు కట్ట మీదికి పోదామన్నాడు బావ. ఒక ఆదివారం పొద్దున్నే ముగ్గురం ఆటోలో బయల్దేరాం. అక్క ఒడిలో రెండు గిన్నెలు, ఒకదానిలో అప్పుడే చేసిన పప్పు, ఇంకోదానిలో కావాలని పులియబెట్టిన పప్పు. ఆటో అంతా నిమ్మకాయ వాసన. బావకు తన ఆటో అంటే ప్రాణం. రోజూ పొద్దున్నే డ్యాష్‌బోర్డునీ సీట్లనీ నిమ్మవాసన పాలిష్‌తో తుడవందే బండి తీయడు. ఎండకు రంగు వెలిసిన ఆటోలన్నింటి మధ్య ఆయనది పెళ్ళికొడుకులా మెరిసేది.

కట్ట మీద గాలి బాగుందనుకునేలోపు ఒకామె మక్క కంకులు కాల్చడం మొదలుపెట్టింది. ఇంకొంచెం ముందుకెళ్తే పక్క తోటలో మందు కొడుతున్నారు. బావ ఆటో ఆపిన ప్రతిచోటా నేను చేయి చాపి యంత్రం పట్టుకోవడం, అది ఎర్రబడటం, మళ్ళీ ఎక్కడం. వాకింగుకి వచ్చిన ఒక పెద్దాయన మా గిన్నెల వైపు చూసి, "పొద్దుగాల్నే దావతా?" అని అడిగాడు.

"గదే సార్, గిది మంచి పప్పు, గిది ఖరాబైన పప్పు. ఏది వడ్డియ్యాలె మీకు?" అన్నాడు బావ.

ఆయన వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు. చివరికి గాలికి ఎదురుగా ఒక మూల దొరికింది. బావ రెండు గిన్నెలూ వాసన చూసి, ఇది మంచిది, ఇది థూ, అని సర్టిఫికెట్ ఇచ్చాడు. యంత్రం కూడా అదే చెప్పింది. అప్పుడు అక్క కళ్ళు మూసుకుని, నన్ను గిన్నెలు తారుమారు చేయమని, కళ్ళు తెరిచి తన చేత్తో తానే యంత్రం పెట్టి చూసింది. ఎర్రలైటు వచ్చిన గిన్నెని వేలితో చూపించి, "గిదే" అంది. చాలాకాలం తర్వాత అక్క ఆ గొంతుతో మాట్లాడటం విన్నాను. ఇప్పటికీ శామీర్‌పేట వైపు వెళ్తే ఆ మూల దగ్గర నా చూపు ఆగుతుంది. మేం ముగ్గురం ఒకే విషయానికి ఒకేసారి సంతోషపడ్డ చివరి రోజు అదేనని అప్పుడు తెలియదు.

కొట్టులో మొదటి చిక్కు తాలింపుతో వచ్చింది. ఎండుమిర్చి, వెల్లుల్లి నూనెలో పడితే చాలు, యంత్రానికి ఒళ్ళు తెలిసేది కాదు, ఎర్రగా వెలుగుతూ కూర్చునేది. తాలింపు అయ్యాక దాన్ని కాసేపు షట్టరు బయట పెట్టి, ఊపిరి తీసుకోనిచ్చి, అప్పుడు గిన్నె మీద పట్టాలని అక్క తనే కనిపెట్టింది. రెండో చిక్కు ఆ వడపోత గుడ్డ. దాన్ని దాటుకుని ఆవిరి లోపలికి వెళ్ళేసరికి చాలాసేపు పట్టేది. బస్సు దిగిన పిల్లలు ఆకలితో కౌంటరు ముందు నిలబడి ఉంటే, అక్క టిఫిన్ డబ్బాని గిన్నె మీద పట్టుకుని లైటు కోసం ఎదురుచూసేది. "ఆంటీ, కూరకు జ్వరమొచ్చిందా?" అని ఒకడు అన్నాడట.

"తమ్మీ, జర చిన్నగ జెయ్యరాదూ. కొంగు కింద వట్టేంత. జల్దీ జెప్పాలె, ఎవ్వరికీ కండ్లవడద్దు" అంది అక్క.

చిన్నగా చేయాలంటే ఏదో ఒకటి తీసేయాలి. మా పనిలో ఎప్పుడూ ఉండే బాధ ఇదే. బ్యాటరీ తీసేయలేం, హీటరు తీసేయలేం. గుడ్డనీ దాని తొడుగునీ తీసేస్తే పరిమాణం సగానికి పైగా తగ్గుతుంది, లైటు వెంటనే వస్తుంది. గుడ్డ ఉన్నది సిలికోన్ లాంటివాటిని ఆపడానికి. కర్రీ పాయింట్‌లో సిలికోన్ ఎక్కడిది? అక్క తలకు కొబ్బరినూనె తప్ప ఏమీ రాయదు. అయినా సీరం, గమ్ము దీని దగ్గరికి రానివ్వొద్దని ఆమెకు రెండుసార్లు చెప్పాను. బావకు చెప్పాలన్న ఆలోచన రాలేదు. గుడ్డ తీసేశాను. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దదిగా, అరచేతిలో ఇమిడిపోయేలా వచ్చింది. నా చేతులతో అంత ముద్దొచ్చే వస్తువు ఇంకోటి చేయలేదు. మా సార్ కూడా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మెచ్చుకున్నారు.

దాన్ని రోజూ ఒకసారి పరీక్షించాలి. ఫ్యాక్టరీలో అయితే పొద్దున్నే ఒక గ్యాసు చూపిస్తారు, గంట మోగితే యంత్రం బతికున్నట్టు. ఇక్కడ అంత అక్కర్లేదు, చేతులకు రాసుకునే శానిటైజర్ మూత తీసి దగ్గర పెడితే చాలు, ఎర్రలైటు రావాలి. కొట్టు తెరవగానే ఇది చెయ్యమని అక్కకు చెప్పాను. కొన్నాళ్ళు చేసింది. ఒకరోజు నేను వెళ్ళేసరికి మొహం ముడుచుకుని ఉంది.

"పొద్దుగాల బోణీ కాకముందే ఎర్రలైటు జూసుడేంది తమ్మీ? షట్టర్ లేపంగనే పాడైంది, పాడైంది అన్నట్టుంటది. మనసున వడ్తలేదు."

బోణీకి ముందు అరువు అడగరు, బోణీకి ముందు లేదన్న మాట అనరు. వ్యాపారం చేసేవాళ్ళింట్లో పుట్టినవాణ్ణి, నాకూ తెలుసు. మా నాయిన కొట్టులో బోణీకి ముందు ఎవరైనా తుమ్మినా ముఖం మాడ్చుకునేవాడు. సరే, బోణీ అయ్యాక చూడమన్నాను. బోణీ అయ్యాక ఇంకో గిరాకీ వస్తుంది, ఆ తర్వాత అన్నం వార్చాలి, ఆ తర్వాత బస్సు వస్తుంది. ఆ పరీక్ష అలా అలా జారిపోయింది. ఆపేశానని అక్క చెప్పలేదు, చేస్తున్నావా అని నేను అడగలేదు. లైటు పచ్చగా వెలుగుతూనే ఉంది కదా.

ఎండలు ముదిరాయి. ఆ సాయంత్రం సంగతి నాకు జిరాక్స్ షాపాయన చెప్పాడు, తర్వాత బావ చెప్పాడు. అక్క మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. రోజూ పప్పుచారు తీసుకెళ్ళే హాస్టల్ అమ్మాయి ఒకతి ఉండేది, నెమ్మదస్తురాలు. ఆ రోజు తీసుకెళ్ళిన ప్యాకెట్‌తో మళ్ళీ వచ్చి కౌంటరు మీద పెట్టి, "ఆంటీ, పులిసినట్టుంది" అంది చిన్నగా. వెనక గిరాకీ ఉంది. అక్క యంత్రాన్ని గిన్నె మీద పెట్టింది. పచ్చలైటు. అందరికీ కనబడేలా పైకెత్తి చూపించింది. ఎవరికీ కనబడకూడదని కొంగు కింద దాచుకున్న వస్తువుని ఆ రోజు పైకెత్తి చూపించింది.

"గిదో, మిషినే జెప్తాంది మంచిగున్నదని. మిషిన్ అబద్ధమాడ్తదా? నీకే నోరు బాగలేదేమో బిడ్డా. పైసలకు ఇట్ల అబద్ధాలాడొద్దు."

గిరాకీతో ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఆ అమ్మాయికి కళ్ళనీళ్ళు తిరిగాయట, ప్యాకెట్ అక్కడే వదిలేసి వెళ్ళిపోయిందట. కాసేపటికి బావ ఆటో ఆపి లోపలికొచ్చి, ఆకలితో పప్పుచారు గిన్నె మూత తీశాడు. ఆయన ముఖం చూస్తే చాలింది అక్కకు. మూత ఆయన చేతిలోంచి తీసుకుని మళ్ళీ పెట్టి, షట్టరు దించేసింది.

మర్నాడు నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి యంత్రం టీవీ పక్కన ఉంది, తళతళలాడుతోంది. చేతిలోకి తీసుకోగానే నిమ్మకాయ వాసన.

ఆటో పాలిష్‌కు ఆ మెరుపు వచ్చేదే సిలికోన్‌తో. ఎవరు తుడిచారని అడిగాను.

"నేనే" అన్నాడు బావ. "నూనె మరకలు వడ్తున్నయని. అంత కష్టవడి జేసినవ్ గదా, ఖరాబ్ గావద్దని దినాం పొద్దుగాల ఆటోతోని పాటే గిదాన్ని గూడ తుడుస్తున్న. ఏమైంది?"

శానిటైజర్ తెమ్మన్నాను. మూత తీసి దగ్గర పెట్టాను. ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. పచ్చలైటు. యంత్రాన్ని ఇంకా దగ్గరికి జరిపాను. పచ్చలైటే. గింజ ఎప్పుడో పోయింది. ఏనాడు పోయిందో, ఎన్ని గిన్నెల మీద గుడ్డిగా పచ్చలైటు వెలిగించిందో తెలిసే దారి లేదు. అక్క దాన్ని రోజూ చేతిలో పట్టుకుంది, అది నిమ్మకాయ వాసన కొడుతోందని ఆమెకెలా తెలుస్తుంది? ఆ ఇంట్లో ఆ వాసన తెలియని మనిషి ఆమె ఒక్కతే. బావకు అది మంచి వాసన. నేను వారం వారం వెళ్ళేవాణ్ణే, కానీ నాకది ఆటో వాసన, బావ వాసన.

దాచి లాభం లేదని ఉన్నదున్నట్టు చెప్పాను. గుడ్డ సంగతి, పాలిష్ సంగతి, పొద్దుటి పరీక్ష సంగతి. "ఒక్క మాట జెప్పకపోతివి బామ్మర్ది" అన్నాడు బావ. తిట్టినా బాగుండేది. ఎప్పుడూ నన్ను ఆటపట్టించే ఆ గొంతులో అసలు పరిహాసమే లేదు.

అక్క మా ఇద్దర్లో ఎవరినీ ఏమీ అనలేదు. "మిషిన్ పోతే పోయిందిలే. ఆ పిల్లను దొంగను జేసిన" అంది.

మొన్నమొన్నటిదాకా ఆ మాటే అంటుండేది. అది జరిగిన తర్వాత కొన్ని సాయంత్రాలు కండ్లకోయలో బస్సులు ఆగే చోట నిలబడి ఆ అమ్మాయి కోసం చూసింది. పరీక్షలు అయిపోయి పిల్లలు హాస్టళ్ళు ఖాళీ చేసే రోజులవి. ఆ అమ్మాయి పేరు కూడా అక్కకు తెలియదు, పప్పుచారు పిల్ల అని గుర్తు, అంతే. దొరకలేదు. గిరాకీ ఏమీ తగ్గలేదు, ఆ సంగతి పట్టించుకున్నవాళ్ళు కూడా లేరు. కొట్టు నడుపుకోవచ్చు. కానీ మూత తీయబోతే అక్క చేయి వెనక్కి వచ్చేసేది. తను వండిందాన్నే తను నమ్మలేకపోతే ఏం వడ్డిస్తుంది? ఇప్పుడు ఆ షట్టర్లో మొబైల్ కవర్లు అమ్ముతున్నారు.

బావ పాలిష్ వాడటం మానేశాడు. దానికీ దీనికీ సంబంధం లేదు బావా, ఆటోకి వాడుకో అని ఎంత చెప్పినా వినలేదు. ఎండకు డ్యాష్‌బోర్డు తెల్లబారింది, సీట్లు పగిలాయి. అన్ని ఆటోల్లాంటి ఆటో అయిపోయింది.

కంపెనీలో మేం ఆ యంత్రాన్ని మళ్ళీ చేశాం. గుడ్డని తీసేయకుండా పలుచగా ఎలా చేయాలో తెలుసుకోవడానికి చాలాకాలం పట్టింది, కానీ వచ్చింది. పరిమాణం మునుపటంతే. పొద్దుటి పరీక్షకు ఎర్రలైటు బదులు నీలంలైటు పెట్టాను. ఎందుకని సార్ అడిగితే, బోణీ గురించి వివరించాల్సి వచ్చింది. ఆయన నవ్వారు, నేను నవ్వలేకపోయాను. ఇప్పుడు హోటళ్ళవాళ్ళు కొంటున్నారు. డబ్బాతో పాటు ఇచ్చే కాగితం మీద, పొడిగుడ్డతో మాత్రమే తుడవాలి, ఏ పాలిష్ వాడరాదు అని అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ వాక్యం రాయించింది నేనే. చదివేవాళ్ళు చదువుతారు.

మొన్న ఒక ఆదివారం కొత్తది ఒకటి అక్కకు తీసుకెళ్ళాను. వద్దంటుందేమోనని భయపడ్డాను. అనలేదు. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, రెండు చేతులతో తీసుకుంది. శానిటైజర్ మూత దగ్గర పెడితే నీలంలైటు వెలిగింది. "గిది మంచిగున్నది, కండ్లకు సల్లగ" అంది. వంటింట్లోకి తీసుకెళ్ళి పొద్దుటి పప్పు గిన్నె మూత తీసింది. ఈసారి చేయి వెనక్కి రాలేదు. యంత్రాన్ని ఆవిరి మీద పట్టుకుంది. పచ్చలైటు వచ్చింది. నిజమైన పచ్చలైటు, నేను ప్రమాణం చేసి చెప్పగలను. నా వైపు చూసి నవ్వింది, మస్తు జేసినవ్ తమ్మీ అంది. యంత్రాన్ని జాగ్రత్తగా అరలో పెట్టింది.

తర్వాత గుమ్మం వైపు తిరిగి పిలిచింది. "ఏమయ్యా, జర గిటు రా."

బావ వచ్చి గిన్నె మీదికి వంగాడు. కళ్ళు మూసుకుని పొడవుగా ఊపిరి పీల్చాడు. అక్క గిన్నె వైపు చూడటం లేదు, ఆయన ముఖంలోకే చూస్తోంది. బాగుందన్నట్టు ఆయన తల ఊపాకే గరిటె ముంచింది.